మా వదిన తీర్చిన మొక్కు

మా వదిన పోయిందన్న కబురు మా అన్న ఫోన్‌లో చెప్పాడు. మిర్యాలగూడలో నేను తెలుగు చెప్పే ప్రైవేటు బడిలో అప్పుడే క్లాసు మొదలుపెట్టాను. మా అన్న నాకు ఫోన్ చేసే మనిషి కాదు. చేసినా, "అమ్మ మాట్లాడతదట" అని ఫోన్ ఆమె చేతికిచ్చి గొర్రెల దగ్గరికి పోతాడు. ఆ పొద్దు తనే మాట్లాడాడు.

"మీ వదినె పోయిందే. పొద్దుగాల గొర్లను బయటికి తోలింది. చాయ్ తాగుకుంట పడిపోయింది. సూర్యాపేట దవాఖానకు తీస్కపోయినం. అప్పటికే అయిపోయిందన్నరు."

మా అన్న నోటి నుంచి ఇన్ని మాటలు వరసగా నేనెన్నడూ వినలేదు. పాతికేళ్ల కాపురంలో వదిన కూడా విని ఉండదు.

నేను ఇంటికి చేరేసరికి వాకిలి నిండా జనం. ఆమెకు ఏమైంది, ఎట్లా అయింది అని అడిగినవాళ్లు తక్కువ. "పాపం, ఒక్క మగపిల్లగాడన్న లేకపాయె" అన్నవాళ్లే ఎక్కువ. పోయింది భార్య. చేయాల్సింది చేయడానికి భర్త ఉన్నాడు. తల దగ్గర కూర్చుని ఏడవడానికి ఇద్దరు కూతుళ్లు ఉన్నారు. ఇంకేం లోటు కనబడిందో ఈ జనానికి! చావుకొచ్చినవాళ్లు ఏడవాలి, లేదా మంచినీళ్లు తాగి ఊరుకోవాలి. మావాళ్లకు ఆ రెండూ రావు.

పెద్దపిల్ల అప్పటికి ఆరు నెలల కడుపుతో ఉంది. మేళ్లచెరువులో సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో ఉద్యోగం, కాపురం కూడా అక్కడే. కారు మాట్లాడుకుని భర్తతో వచ్చింది. గడప దగ్గరే మా దగ్గరి చుట్టం ఒకామె అడ్డం నిలబడింది. "కడుపుతోని ఉన్నదానివి, పీనుగను సూడొద్దు బిడ్డా. లోపల మగపిల్లోడు ఉంటే ఎట్ల?" అన్నది.

"ఆడపిల్ల ఉంటే సూడొచ్చా పెద్దమ్మా?" అని అడిగి, ఆ పిల్ల ఆమె చేతిని పక్కకు తీసి లోపలికి పోయింది. తల్లి పోలిక అంటే ముక్కూ మొహమూ మాత్రమే కాదని అప్పుడనుకున్నాను.

ఈ నాలుగు మాటలు రాయడానికి కారణం కూడా ఆ వాకిట్లో విన్న మాటలే. బతికినన్నాళ్లూ వదిన ఏ మాటతో కొట్లాడిందో, పోయిన పూట కూడా ఆ మాటే ఆమె మీద కప్పారు. నాకు ఏడుపు రావడానికి ముందు ఒళ్లు మండింది. ఇప్పటికీ మండుతూనే ఉంది. ఆమె గురించి నెమ్మదిగా, పద్ధతిగా రాయాలని కూర్చున్నాను గానీ, ఎంతవరకు చేతనవుతుందో చూడాలి.

మాది చివ్వెంల దగ్గర ఒక ఊరు. తాతల నాటి నుంచి గొర్రెలు కాసుకునే ఇల్లు. వదిన కోదాడ వైపు నుంచి వచ్చింది. వాళ్లదీ గొర్రెల ఇల్లే, కానీ కాలువ కింద వరి కూడా ఉంది, మాటలో ఆంధ్రా గాలి ఉంది. మేము అత్తను "అత్తమ్మా, నువ్వు" అంటాం. ఆమె "అత్తయ్యా, మీరు" అనేది. మా అమ్మకు మొదటి రోజే చిరాకు పుట్టింది. "ఈ మీరు గీరు ఏందే, నేనేమన్న తాసిల్దారునా?" అన్నది. వదిన నవ్వి ఊరుకుంది గానీ మానలేదు. పోను పోను మా మాట ఆమెకు పట్టుబడింది. మామూలుగా ఉన్నప్పుడు మాలాగే మాట్లాడేది. కోపం వస్తే మాత్రం కోదాడ దిగేది. కోపం ఎంత పెరిగితే మర్యాద అంత పెరిగేది. "ఏమండీ అత్తయ్యా, ఒక్క మాట అడగనా అండీ?" అన్నదంటే మా అన్న చెప్పులు వేసుకునేవాడు. "గొర్లను తోలుకపోవాలె" అనేవాడు. ఆ ఇంట్లో జగడం మొదలైన ప్రతిసారీ గొర్రెలకు ఆకలేసేది.

బస్సులో పక్కన కూర్చున్నవాళ్లు పిల్లలెంతమంది అని అడిగితే "ఇద్దరు" అనేది. మన జనం అంతటితో ఆగరు కదా. "మగపిల్లలా?" అంటారు. "మనుషుల పిల్లలే" అనేది వదిన. ఆ తర్వాత సూర్యాపేట వచ్చేదాకా పక్కావిడ కిటికీలోంచి బయటికే చూసేది.

నాకు ఇద్దరూ మగపిల్లలే. మా అమ్మ దృష్టిలో నేను బతుకులో సాధించిన ఘనకార్యం అదొక్కటే. నేను పుట్టింటికి పోతే గడ్డపెరుగు, మీగడ, నా కొడుకులకు గుడ్లు. ఆ ఘనులు ఇవాళ్టికి కూడా తమ అన్నం గిన్నె తాము కడగరు. వదిన ఆ పెరుగు గిన్నె నా ముందు పెడుతూ, "తిను పిల్లా. కొడుకులను కన్న పెరుగు. నేను తింటే జలుబు చేస్తది" అనేది. నన్ను ఎప్పుడూ పేరుతో పిలవలేదు, పిల్లా అనే పిలిచేది. నా మీద ఆమెకు కోపం లేదు. నాకే ఆ పెరుగు గొంతు దిగేది కాదు.

గొర్రెలు కాసే ఇళ్లలో ఒక సంగతి ఉంది. గొర్రె ఈనినప్పుడు ఆడపిల్ల పుడితేనే సంబరం. అది పెరిగి మళ్లీ ఈనుతుంది, మంద పెరుగుతుంది. పోతుపిల్ల పుడితే నాలుగు నెలలు మేపి అమ్మేస్తారు. మా ఇంట్లో అయితే ఆ ఏటి ఈతలో మొదటి ఆడపిల్ల పడగానే వీధిలో బెల్లం పంచడం మా అమ్మకు అలవాటు. వదిన పురిటికి పుట్టింటికి పోయి, పెద్దపిల్లను ఎత్తుకుని తిరిగొచ్చిన రోజే మా దొడ్లో ఒక గొర్రె ఈనింది. దానికి ఇద్దరు, రెండూ ఆడపిల్లలే. మా అమ్మ మనవరాలి మొహం ఒకసారి చూసి, "ఆయె, పోనీ" అని, బెల్లం పళ్లెం పట్టుకుని గొర్రెపిల్లల కోసం వీధిలోకి పోయింది. తిరిగొచ్చేసరికి వదిన చంటిపిల్లతో గుమ్మంలోనే నిలబడి ఉంది.

"అత్తయ్యా, ఒక్క మాట అడగనా అండీ? గొర్రెకు ఆడపిల్లలు పుడితే బెల్లం పంచారు. నాకు పుడితే మూతి ముడిచారు. ఈ ఇంట్లో నేను గొర్రె పాటి కూడా చేయనాండీ?"

"గొర్రె బిడ్డ మన మందను పెంచుతది. నీ బిడ్డ ఇంకొకళ్ల ఇల్లు నింపుతది" అన్నది మా అమ్మ. చాలా తెలివైన మాట అన్నాననుకుంది కూడా. ఆ వారమే గట్టు మీది అమ్మవారికి మొక్కింది. మనవడు పుడితే పొట్టేలును ఇస్తానని. మందలో బాగా ఎదిగే పోతుపిల్లను ఒకదాన్ని ఎంచి, దాని నుదుట పసుపు పెట్టి, మెడలో ఎర్రదారం కట్టింది. ఇక అది దేవుని యాట. అమ్మకూడదు, కొట్టకూడదు, కోయకూడదు. మనవడు వచ్చేదాకా మేపుతూ ఉండాలి.

మేపారు. అది పెరిగింది. కొమ్ములు రెండు చుట్లు తిరిగాయి. వదిన దాన్ని మొదటిసారి ఎగాదిగా చూసి, "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అన్నది. ఆ పూట నుంచి పొట్టేలు పేరు సోమలింగం. ఊరు ఊరంతా అట్లాగే పిలిచేది. మా అమ్మ కూడా మరిచిపోయి అప్పుడప్పుడు అట్లాగే పిలిచేది.

గొర్రెలు కాసేవాళ్లెవరైనా మంద మీదికి వదిలే పొట్టేలును రెండు మూడేళ్లకు మార్చేస్తారు. లేకపోతే అది తన పిల్లలనే కడుతుంది, పుట్టేవి పీలగా పుడతాయి. సోమలింగాన్ని మార్చడానికి లేదు, అమ్మడానికి లేదు, పోతుతనం తీయించడానికి అసలే లేదు, దేవునిది కదా. అందుకని మా అన్న దాని పొట్ట కింద గోనెగుడ్డ అడ్డం కట్టేవాడు. రాబోయే మనవడి కోసం పెట్టుకున్న పొట్టేలు ముందరగుడ్డ కట్టుకుని ఊళ్లో తిరుగుతుంటే పిల్లలు వెంటపడి నవ్వేవాళ్లు. ఎదిగిన మగపోతు ఒకటి ఏ పనీ లేకుండా, అందరికంటే మంచి మేత తింటూ, కనబడినవాళ్లనల్లా కుమ్ముతూ ఇంటి మధ్యలో పడి ఉంటే దాన్ని ఎవరూ ఏమీ అనకూడదు. చెబితే అర్థం కాని వాళ్లకు చూపిస్తే అర్థమవుతుందంటారు. మా ఇంట్లో చూపించినా కాలేదు.

రెండో కాన్పులో మళ్లీ ఆడపిల్ల పుట్టింది. వదిన కోదాడలోనే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకుని వచ్చింది. ఎవరినీ అడగలేదు, వచ్చాక దాచలేదు. గడపలో కాళ్లు కడుక్కుంటూనే చెప్పింది. "అత్తయ్యా, నేను ఆపరేషన్ చేయించుకున్నానండి. ఇద్దరు చాలు. సోమలింగాన్ని ఇక కోసుకోవచ్చు."

మా అమ్మ శోకాలు పెట్టింది. మూడు రోజులు సరిగా తినలేదు. నాలుగో రోజుకు ఎవరో చెప్పారు, ఆపరేషన్లు ఫెయిలవుతాయని. ఫలానా ఊళ్లో ఫలానా ఆమెకు ఆపరేషనయ్యాక కవలలు పుట్టారట. అంతే, మా అమ్మ లేచి కూర్చుంది. సోమలింగానికి ఉలవలు నానబెట్టింది. ఆ తర్వాత ఇంకెవరో చెప్పారు, ఆపరేషన్‌ను మళ్లీ విప్పే ఆపరేషన్ ఉంటుందని. అదీ అడిగి చూసింది. "కుట్టి, విప్పి, మళ్లీ కుట్టడానికి నేనేమన్నా గోనెసంచినా అత్తయ్యా?" అన్నది వదిన.

ఇవన్నీ అయ్యాక చివరి ఆయుధం బయటికి వచ్చింది. మా అన్నకు మారుమనువు. మధ్యవర్తి ఒకాయన మేళ్లచెరువు వైపు ఏదో సంబంధం ఉందని వచ్చి మా వాకిట్లో కూర్చున్నాడు. నేను ఆ రోజు అక్కడే ఉన్నాను. ఇట్లా రెండో పెళ్లి చేయడం నేరమని, జైలుకు పోతారని అరిచాను. మా అమ్మ నా మాటను వానచుక్కలా దులిపేసుకుంది. "ఏమంటవురా?" అని మా అన్నను అడిగింది. "నీ ఇష్టమమ్మా" అన్నాడు ఆ మహానుభావుడు. గొర్రెలను తోలుకుపోవాలని లేచాడు.

వదిన లోపలికి పోయింది. బట్టలు సర్దుతోందని తెలుస్తూనే ఉంది. పుట్టింటికి పోతోందని మధ్యవర్తి కొంచెం ఇబ్బందిపడ్డాడు, మా అమ్మ కొంచెం స్తిమితపడ్డది. వదిన సంచితో బయటికి వచ్చి దాన్ని మా అన్న చేతిలో పెట్టింది.

"మీ చొక్కాలు, లుంగీలు, గడ్డం గీసుకునే సామాను అన్నీ పెట్టానండి. పెళ్లికొడుకు కదా, అక్కడికే ఇల్లరికం పోండి. పిల్లలు, గొర్రెలు, మీ అమ్మ నా దగ్గర ఉంటారు. వాళ్ల సంగతి నేను చూసుకుంటాను."

మా అన్న ఆ సంచి వైపు చాలాసేపు చూశాడు. గొర్రెలను విడిచి ఎక్కడికన్నా పోవాలన్న ఆలోచన ఆయనకు పుట్టి ఎరగదు. సంచిని మంచం కింద పెట్టి, కర్ర తీసుకుని మంద వెంట పోయాడు. మధ్యవర్తి చాయ్ కూడా తాగకుండా లేచాడు. మారుమనువు మాట మళ్లీ ఆ ఇంట్లో వినబడలేదు. మా అన్న మంచివాడని చెప్పేవాళ్లున్నారు. కావచ్చు. అంత మంచితనంతో వదినకు ఏం ఒరిగిందో నాకు తెలియదు.

సోమలింగం మాత్రం ఉంది. ఏళ్లు గడిచినా ఉంది. ముసలిదై ఇంకా మొండిదైంది. ఒక రోజు చిన్నపిల్ల, అప్పుడే బళ్లో వేసిన పిల్ల, దొడ్డిలో చీపురు తీసుకురాబోతే వెనక నుంచి వచ్చి కుమ్మింది. పిల్ల పోయి రాతితొట్టి మీద పడింది. ముంజేతి ఎముక విరిగింది. వదిన బావి దగ్గర నుంచి పరుగెత్తుకొచ్చేలోపు పెద్దపిల్ల కట్టె తీసుకుని పొట్టేలును ఒక్కటి వేసింది. మా అమ్మ కేకలు పెడుతూ వచ్చింది. "కొట్టకే, కొట్టకే! దేవునిది!" అని. వచ్చి ముందు సోమలింగం కొమ్ము తడిమి చూసింది. దానికేమీ కాలేదని చూసుకున్నాక పిల్ల వైపు తిరిగింది.

ఇది నేను చూసింది కాదు. వదిన చెప్పింది. చెప్పేటప్పుడు ఆమె గొంతులో అండీలు లేవు, మీరులు లేవు. "నా బిడ్డ నేల మీద ఉంది పిల్లా. మీ అమ్మ చెయ్యి ముందు కొమ్ము మీదికి పోయింది" అన్నది. సూర్యాపేట తీసుకుపోయి పిండికట్టు వేయించింది. వచ్చాక ఎవరితోనూ పోట్లాడలేదు. ఫోన్ తీసుకుని చుట్టాలందరికీ చెప్పింది. "ఆదివారం మొక్కు తీరుస్తున్నాం. భోజనాలకు రండి."

ఆదివారం పొద్దున్నే సోమలింగానికి స్నానం చేయించి, పసుపు పూసి, బంతిపూల దండ వేసింది. గోనెగుడ్డ విప్పేసింది. ట్రాలీ ఆటో వచ్చింది, డప్పులవాళ్లు వచ్చారు. మా అమ్మ గేటుకు అడ్డం నిలబడింది.

"మనువడు పుట్టకుంట మొక్కు ఎట్ల తీరుస్తవే? తల్లి కండ్లు పోగొడతది!"

"ఇంటికి బిడ్డ కావాలని మొక్కారు కదండీ. అమ్మవారు ఇద్దరిని ఇచ్చింది. ఇన్నేళ్లు మనమే ఆలస్యం చేశాం అత్తయ్యా. కోపం వచ్చేదైతే ఆ ఆలస్యానికే రావాలి."

"ఏమిరా, సూసుకుంట నిలబడ్డవ్? తాడు గుంజుకోరాదూ!" అని మా అమ్మ కొడుకు మీద విరుచుకుపడింది. మా అన్న వచ్చి తాడు తీసుకున్నాడు. దొడ్లోకి తోలుకుపోతాడనే అందరూ అనుకున్నారట. ఆయన దాన్ని ఆటో దాకా నడిపించి, ఎత్తి ఎక్కించి, పక్కన తనూ ఎక్కి కూర్చున్నాడు. జీవితంలో ఆయన చేసిన తిరుగుబాటు అదొక్కటే. దానికి కూడా ఒక్క మాట ఖర్చు చేయలేదు.

అసలు సినిమా మధ్యాహ్నం మొదలైంది. మా చుట్టాల్లో ఒక్కరు కూడా ఫోన్‌లో "ఎందుకు" అని అడగలేదు. సోమలింగం మొక్కు తీరుతోందంటే మనవడు పుట్టినట్టే. ఇంకో అర్థం వాళ్ల బుర్రలకు ఎక్కదు. సగం మంది ఆపరేషన్ ఫెయిలైందనుకున్నారు. సగం మంది మా అన్న రెండో పెళ్లి చేసుకున్నాడనుకున్నారు. వెండి మొలతాళ్లు, చిన్న చిన్న చొక్కాలు, ఊలు టోపీలు, గిలక్కాయలు పట్టుకుని దిగారు. మా పెద్దమ్మ మిర్యాలగూడ నుంచి నాతోనే బస్సులో వచ్చింది. దారంతా చెబుతూనే ఉన్నాను, నమ్మలేదు. వస్తూనే వదిన రెండు చేతులూ పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకుంది. "సవతి మంచిదేనా బిడ్డా? నిన్ను మంచిగ సూస్తదా?" అని. ఇంకొకావిడ ఇల్లంతా తిరిగి ఉయ్యాల కోసం వెతికింది. "ఏడున్నడే పిల్లగాడు? పండుకున్నడా?" అని గుసగుసగా అడిగింది, లేపకూడదని.

వదిన నడింట్లో రెండు పీటలు వేసి కూతుళ్లిద్దరినీ కూర్చోబెట్టింది. పెద్దదానికి కొత్త లంగా, చిన్నదానికి మెడలోంచి వేలాడే పిండికట్టు.

"ఈ మొక్కు వీళ్లదండీ. మీరు తెచ్చినవి వీళ్లకే పెట్టండి" అన్నది.

వెండి మొలతాడు పట్టుకుని నిలబడ్డ మా పెదనాన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "తెచ్చినం కదా. మళ్ల ఇంటికి తీస్కపోతే ఏం బాగుంటది" అని ముందుకు వచ్చాడు. చంటిపిల్లలది కదా, నడుముకు చాలలేదు. రెండు పేటలు చేసి పెద్దపిల్ల చేతికి కట్టాడు. ఆ తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. అక్షింతలు వేసి, చొక్కాలు ఒళ్లో పెట్టారు. ఊలు టోపీ చిన్నదాని తలకు ఎక్కలేదు. ఆ పిల్ల దాన్ని పిండికట్టు చివర వేళ్లకు తొడుక్కుంది. ఆ టోపీ చేతితోనే సాయంత్రందాకా ఊరంతా తిరిగింది.

మా అమ్మ వెనకింట్లో గోడవైపు తిరిగి పడుకుంది. వదిన కూర వేసిన పళ్లెం తీసుకుపోయి పక్కన పెట్టింది. "మీ మనవరాళ్ల మొక్కు అత్తయ్యా. తింటారా, పక్కింటికి పంపించనా?" అన్నది. మా అమ్మ కాసేపు బెట్టు చేసింది. తర్వాత లేచి మూలగ దాకా జుర్రుకుని తిన్నది. చేయి కడుక్కుంటూ, "ఉప్పు తక్కువైంది. ఇసొంటి మొక్కు లెక్కకు రాదు" అన్నది. ఆ కూరలో ఉప్పు తక్కువైందని ఆ తర్వాత ఎన్నేళ్లు అన్నదో! మా ఊళ్లో ఏ యాట తెగినా ఆ మాట ఒకసారి అనకుండా ఉండదు.

ఆమె మారిందని చెప్పి ఇక్కడ ముగిస్తే చదివేవాళ్లకు హాయిగా ఉంటుంది. మారలేదు. కళ్లకు ఆపరేషనైతే సూర్యాపేటలో పక్కన ఉన్నది పెద్ద మనవరాలు. ఫోన్ రీచార్జి చేసేది, మందుబిళ్లలు వేళకు మింగించేది కోదాడలో డిగ్రీ చదువుతూ వారంవారం వచ్చే చిన్నది. అన్నీ చేయించుకుని, వాకిట్లో కూర్చుని, "ఏం లాభం, మగదిక్కు లేని ఇల్లాయె" అనేది. లోపలి నుంచి వదిన జవాబు వచ్చేది. "మగదిక్కు గొర్రెల వెంట పోయిందండీ అత్తయ్యా, పొద్దుగూకితే వస్తుంది." ఒక్క మాటను కూడా వదిలేది కాదు. వినీ వినీ నాకే విసుగు పుట్టేది.

సూర్యాపేట బస్టాండులో చాయ్ తాగుతూ ఒకసారి అడిగేశాను. "ప్రతి మాటకూ ఎదురు చెప్పాల్నా వదినె? ఆమె మారది. గోడకు చెప్పినట్టే. ఒక చెవితోని ఇని ఇంకో చెవితోని ఇడిసిపెట్టరాదూ?"

వదిన గ్లాసు కింద పెట్టింది. "నేను విడిచిపెట్టగలను పిల్లా. నా చెవులు గట్టిపడ్డయి. పిల్లలవి ఇంకా లేత చెవులు. వాళ్లు విన్నది లోపల ఉండిపోతుంది. అందుకే మీ అమ్మ మాట పడ్డచోట నా మాట కూడా ఒకటి పడాలి. మీ అమ్మను మార్చాలని నేనెన్నడూ అనుకోలేదు."

ఆమెది నోటి దురుసనే అనుకునేవాళ్లు చాలామంది. పాతికేళ్లు పిల్లలకు అడ్డం పెట్టిన నోరు అది. ఆమె కూతుళ్లిద్దరూ తల వంచుకుని నడవకపోవడానికి కారణం ఏ బడీ కాదు, ఏ పుస్తకమూ కాదు. నేను బళ్లో ఎంతమందికో పాఠాలు చెప్పాను. అంత పట్టుదలగా, అంత ఓపికగా ఒక్క పాఠాన్ని అన్నేళ్లు నేనెన్నడూ చెప్పలేదు. ఆమెకు ఆ మాట చెప్పి ఉండాల్సింది కూడా. చెబితే, "సరే గానీ, పెరుగు తిను" అనేది.

పదకొండో రోజున, పెద్దదినం నాడు, భోజనాలయ్యాయి. చుట్టాలు గోడ నీడన చేరారు. పెద్దపిల్ల ఒక మూలన కూర్చుని చెంగు అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. కోడలు పోయిన దగ్గర నుంచి మా అమ్మ పెద్దగా మాట్లాడలేదు. ఆ రోజు నోరు తెరిచింది.

"ఏడువకు బిడ్డా. మీ అమ్మ యాడికి పోదు. నీ కడుపునే పుడతది. మగపిల్లోడై పుడతది సూడు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. బతికుండగా ఆమెను కొడుకును కనమన్నారు. చచ్చాక ఆమెనే కొడుకై పుట్టమంటున్నారు. "అమ్మా, ఇగ ఆపుతవా? సచ్చినంక గూడ ఆమెను ఇడిసిపెట్టవా?" అని అందరి ముందే అరిచాను. అరిచి కూడా ఏం లాభం, చుట్టూ కూర్చున్న నలుగురు అప్పటికే "నిజమే, నిజమే" అని తలలూపుతున్నారు.

పెద్దపిల్ల కళ్లు తుడుచుకుంది. "మగోడై వస్తే మా అమ్మ అని నాకు గుర్తువట్టరాదు నానమ్మా. నీకు గుర్తొస్తదా?" అన్నది.

మా అమ్మ ఏదో అనబోయి, లోపలి గుమ్మం వైపు చూసి ఆగింది. లోపలి నుంచి ఏ మాటా రాలేదు.

సాయంత్రానికి చుట్టాలు వెళ్లిపోయారు. మా అన్న గొర్రెలను దొడ్డిలోకి తోలుతున్నాడు. పెద్దపిల్ల వాకిట్లో మంచం మీద నడుము వాల్చింది. నేను గిన్నెలు తోమడానికి బయటికి తెస్తున్నాను. మా అమ్మ గోడ పట్టుకుని నడిచి వచ్చి మంచం పట్టె మీద కూర్చుంది. మనవరాలి కడుపు మీద చేయి వేసింది. నేను గిన్నెలతో ఉన్నచోటే నిలబడ్డాను. ఈసారి ఏమన్నా అంటే ఊరుకోకూడదనే నిలబడ్డాను.

"ఏం కోడలా" అన్నది మా అమ్మ, కడుపుతో. "వస్తున్నవా? ఆడపిల్లవే రా. నీ లెక్కనే రా. ఇంట్ల నాకు ఎదురు మాట్లాడెటోళ్లు ఒక్కరు లేరు."

ఈ మాట కోసం వదిన పాతికేళ్లు గొంతు చించుకుంది. వాకిట్లో అడిగింది, గుమ్మంలో అడిగింది, చంటిపిల్లను ఎత్తుకుని అడిగింది. అప్పుడు అని ఉంటే మా అమ్మ సొమ్మేం పోయేది? నాకు ఆమెను పట్టుకుని కుదిపేయాలనిపించింది. పక్కన కూర్చుని ఏడవాలని కూడా అనిపించింది. రెండూ చేయలేక గిన్నెలు పట్టుకుని నిలబడ్డాను.

అప్పుడే కడుపులో బిడ్డ తన్నింది. మా అమ్మ చేయి ఉలిక్కిపడి వెనక్కి వచ్చింది. మళ్లీ మెల్లగా అక్కడే పెట్టి, కళ్లనిండా నీళ్లతో నా వైపు చూసింది.

"సూసినవా," అన్నది, "అప్పుడే మొదలువెట్టింది."